జిమ్మరిట్ పూత ఊడిపోతోంటే...

ప్రశ్న: 1/35 స్కేలు టైగర్ (రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ ట్యాంకు) ప్లాస్టిక్ నమూనా కిట్‌కి ఎపాక్సీ పుట్టీతో (కలిపాక గట్టిపడే ముద్ద) జిమ్మరిట్ గీతలు, అంటే అయస్కాంత మందుపాతరలు అంటుకోకుండా జర్మన్లు ట్యాంకులకు వేసిన గీతల పూత, వేశాను. ఎండాక అంచుల దగ్గర పెచ్చులుగా లేస్తోంది. ఎందుకండీ?

జవాబు: ప్లాస్టిక్ మీద, అచ్చులోంచి భాగాలు ఊడి రావడానికి పూసే జిడ్డు మిగిలిపోయి ఉంటుంది. గిన్నెల సబ్బుతో కడిగి, ఆరాక 400 నంబరు గరుకు కాగితంతో రుద్దండి. నున్నటి ప్లాస్టిక్‌ని పుట్టీ పట్టుకోదు. మరో కారణం మందం. అర మిల్లీమీటరు వేస్తే అసలు ట్యాంకు మీద 17.5 మిల్లీమీటర్లు మెత్తినట్టే! వేలు తడి చేసుకుని, కింద ప్లాస్టిక్ రంగు లీలగా కనిపించేంత పల్చగా పరవండి. ఒక్కో పలక పూర్తిచేశాకే రెండోదానికి వెళ్లండి. పుట్టీ బిగుసుకుంటే గీత పడదు, చిరుగుతుంది. గీసే పనిముట్టునూ తడుపుతూ ఉండాలి.

అన్నట్టు, మీది 1943 జులైలో రష్యాలో జరిగిన కుర్‌స్క్ యుద్ధం నాటి టైగర్ అయితే పూతే వద్దు. కర్మాగారాల్లో జిమ్మరిట్ వేయడం ఆ తర్వాతే మొదలైంది, 1944 సెప్టెంబరులో ఆపేశారు.