వీఎంవేర్ ఉద్యోగం మాన్పించి క్లౌడ్ కోర్సుకు పంపాలా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాగా చేస్తున్నాను. మా అబ్బాయి ఈసీఈలో బీటెక్ చేసి, మూడేళ్లుగా విజయవాడలో ఒక ఆసుపత్రి ఐటీ విభాగంలో ఉన్నాడు. వీఎంవేర్, సర్వర్లు, బ్యాకప్‌లు చూస్తాడు. జీతం 24 వేలు. ఇప్పుడు ఆసుపత్రి వాళ్లు సర్వర్లన్నీ క్లౌడ్‌కు మారుస్తారట. వాడి ఉద్యోగం పోతుందని భయంగా ఉంది. ఇప్పుడే మానేసి హైదరాబాద్ వెళ్లి ఐదు నెలల క్లౌడ్, డెవాప్స్ కోర్సు చేయమంటే కదలడం లేదు. ఫీజు 90 వేలు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. మా బావమరిది కొడుకు అదే కోర్సు చేసి పెద్ద కంపెనీలో చేరాడు. వీఎంవేర్‌లో ఉండటం మంచిదా, క్లౌడ్‌కు మారడం మంచిదా, పోల్చి చెప్పగలరు.

జవాబు: మీ అబ్బాయి కదలకపోవడమే మంచిదైంది. ఉద్యోగం మానేసి కోర్సులో కూర్చోవడానికి ఇంతకంటే చెడ్డ సమయం ఉండదు. ఏ పని నేర్చుకోవడానికి మీరు 90 వేలు కట్టి హైదరాబాద్ పంపాలనుకుంటున్నారో, ఆ పని అతను కూర్చున్న గదిలోకే నడిచి వస్తోంది. నెలకు 24 వేలు ఎదురిచ్చి మరీ నేర్పబోతున్నారు.

ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. కోర్సు పేరు మారుతుంటుంది, అడుగున ఉండే భయం మాత్రం అదే: మావాడు వెనకబడిపోతున్నాడేమో. మీ ఉత్తరంలో అబ్బాయికి తన పని ఇష్టమో కాదో, అందులో ఏది బాగా వచ్చో, ఎందుకు కదలనంటున్నాడో ఒక్క ముక్క లేదు. బావమరిది కొడుకు సంగతి మాత్రం ఉంది. కోపం తెచ్చుకోకండి, ఉన్నమాట అంటాను. పెళ్లిళ్లలో ఎవరైనా "మీవాడు ఎక్కడ చేస్తున్నాడండీ" అంటే "ఆసుపత్రిలో కంప్యూటర్లు చూస్తాడు" అని చెప్పడం మీకు ఇబ్బందిగా ఉంది. ఆ ఇబ్బంది తీర్చుకోవడానికి ఎంత అవుతుందో మీరే చిట్టా రాయండి. ఐదు నెలల జీతం లక్షా 20 వేలు పోతుంది. ఫీజు 90 వేలు. హాస్టలు, తిండి, ఛార్జీలు కలిపితే రెండున్నర లక్షలు దాటుతుంది. కొట్టులో ఎవరైనా ఇలాంటి బేరం తెస్తే మీరే వద్దంటారు.

ఉద్యోగం పోతుందన్న భయం సంగతి చూద్దాం. వీఎంవేర్ అంటే ఒకే సర్వర్‌ను చాలా కంప్యూటర్లుగా విడగొట్టి వాడుకోనిచ్చే సాఫ్ట్‌వేర్, అలా విడగొట్టిన ఒక్కోదాన్ని వీఎం (వర్చువల్ మెషీన్) అంటారు. క్లౌడ్ అంటే అలాంటి మెషీన్లను వేరే కంపెనీ దగ్గర అద్దెకు తీసుకోవడం. సర్వర్లన్నీ ఒక్కసారిగా వెళ్లిపోతాయని నేను అనుకోను. ఆసుపత్రిలో బిల్లింగ్, ఫార్మసీ, ల్యాబ్ సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. సీటీ, ఎంఆర్ఐ చిత్రాలు దాచే ప్యాక్స్ సర్వర్ ఉంటుంది. రక్తం పరీక్షించే యంత్రాలు పక్కనున్న కంప్యూటర్‌కు తీగతో కలిపి ఉంటాయి, అవెక్కడికీ పోవు. ఇక చిత్రాలంటారా, 10 టెరాబైట్లను 100 ఎంబీపీఎస్ లైను మీద పంపాలంటే, ఆ లైను ఇంకే పనీ చేయకుండా పూర్తి వేగంతో నడిచినా తొమ్మిది రోజులు దాటుతుంది. ఆ తొమ్మిది రోజులూ కొత్త స్కాన్లు వచ్చి పడుతూనే ఉంటాయి. ఎక్కడో రోడ్డు తవ్వి ఫైబర్ తెంపితే ఓపీ కౌంటర్లో బిల్లు ఆగకూడదు కూడా. అందుకని ఇలాంటి చోట్ల ముందుగా బ్యాకప్‌లు, వెబ్‌సైటు, రోగులు రిపోర్టులు చూసుకునే పోర్టల్ వంటివి పంపుతారు. మిగతావి కొంత ఇక్కడా కొంత అక్కడా అన్నట్టు ఏళ్ల తరబడి నడుస్తాయి. అన్నాళ్లూ రెండు వైపులా తెలిసిన మనిషి కావాలి.

మార్చే పనికి బయటి నుంచి ఒక బృందం వస్తుంది. వాళ్ల దగ్గర సాధనాలుంటాయి. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌కైతే అప్లికేషన్ మైగ్రేషన్ సర్వీస్, మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌కైతే అజూర్ మైగ్రేట్. పాత వీఎం నడుస్తుండగానే దాని డిస్కును అటువైపు కాపీ చేస్తూ పోతాయి. చివర్లో కాసేపు ఇక్కడ ఆపి అక్కడ లేపుతారు, దాన్నే కట్‌ఓవర్ అంటారు. కాపీ దాకా సాధనమే చూసుకుంటుంది. కానీ ఫార్మసీ సాఫ్ట్‌వేర్ రాసినవాడు ఎప్పుడో డేటాబేస్ ఐపీ అడ్రసును (నెట్‌వర్క్‌లో దాని చిరునామాను) ప్రోగ్రాం లోపలే రాసేసి వెళ్లిపోయాడనుకోండి. నెట్‌వర్క్ మారి ఐపీ మారగానే పొద్దున్నే మందుల కౌంటర్ ఆగిపోతుంది. ఆ సంగతి సాధనానికి తెలీదు. "టెస్ట్-2" అని పేరున్న వీఎం రాత్రిపూట ఇన్సూరెన్స్ క్లెయిములు పంపుతోందనీ దానికి తెలీదు. ఏది దేనితో మాట్లాడుతుందో, దేన్ని ఏ వేళలో ఆపితే ఏ వార్డు నుంచి ఫోన్ వస్తుందో, దేన్ని తరలించకుండా మూసేయొచ్చో తెలిసేది ఏళ్లుగా ఆ గదిలో ఉన్నవాళ్లకే. బయటి బృందం వచ్చిన మొదటి వారమంతా మీ అబ్బాయి చుట్టూనే తిరుగుతుంది.

ఇంకో సంగతి యార్డులో ఉండే మీకు వెంటనే అర్థమవుతుంది. సొంత సర్వర్‌లో ఒక వీఎంకు 8 కోర్లు, 32 జీబీ మెమరీ ఇచ్చి, అది అందులో పదో వంతు వాడినా అడిగేవాడు ఉండడు. ఒక వీఎం ఖాళీగా ఉన్నప్పుడు ఇంకొకటి ఆ సీపీయూను వాడుకుంటుంది. క్లౌడ్‌లో ఎంత సైజు తీసుకుంటే అంతకూ కట్టాలి. డిస్కూ అంతే, 500 జీబీ తీసుకుని 60 నింపినా బిల్లు 500కే. మెషీన్ ఆపేసినా డిస్కు అద్దె ఆగదు. ఉన్నవి ఉన్నట్టుగా ఎత్తి అక్కడ పెట్టడమంటే, కోల్డ్ స్టోరేజీలో ఖాళీ టిక్కీలు కూడా పేర్చి సీజనంతా అద్దె కట్టడమే. ఏ వీఎం నిజంగా ఎంత వాడుతోందో వీసెంటర్ (వీఎంవేర్ వీఎంలన్నిటినీ ఒకచోటి నుంచి చూసే సాధనం) గ్రాఫుల్లోంచి తీసి, "దీనికి 2 కోర్లు చాలు" అని యాజమాన్యానికి చూపించగలిగినవాడిని ఎవరూ తేలిగ్గా వదులుకోరు.

అసలీ కదలిక ఎందుకొచ్చిందో కూడా తెలుసుకోండి. వీఎంవేర్ కంపెనీని 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ అనే మరో అమెరికా కంపెనీ కొనేసింది. ఆ డిసెంబరులోనే ఒకసారి కొని ఎన్నాళ్లయినా వాడుకునే లైసెన్సుల అమ్మకం ఆపి, చందా పద్ధతికి మార్చింది. ఖర్చు పెరిగిన సంస్థలు దారులు వెతకసాగాయి. అందరూ క్లౌడ్‌కే పోవడం లేదు. కొందరు మైక్రోసాఫ్ట్ హైపర్-వీకి, కొందరు నుటానిక్స్‌కు, చిన్నవాళ్లు ప్రాక్స్‌మాక్స్‌కు మళ్లుతున్నారు, ఇవీ వీఎంవేర్‌లాగే వీఎంలను నడిపేవే. ఎటు మళ్లినా వీఎంలను ఒకచోటి నుంచి ఇంకోచోటికి దింపడం తెలిసినవాడు కావాలి. పైగా క్లౌడ్‌లో నడిచేవీ వర్చువల్ మెషీన్లే. ఏడబ్ల్యూఎస్‌లో మెషీన్లు అద్దెకిచ్చే ఈసీ2 2006లో మొదలైంది, మొదట జెన్ అనే హైపర్‌వైజర్ (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడిచింది, తర్వాత కేవీఎం అనే ఇంకో హైపర్‌వైజర్ ఆధారంగా చేసిన నైట్రోకు మారింది. మెమరీ, డిస్కు, సబ్‌నెట్, ఫైర్‌వాల్ ఇవేవీ అక్కడ కొత్తగా పుట్టలేదు. మీ అబ్బాయి నేర్చుకున్నదాంట్లో పారేయాల్సింది చాలా తక్కువ.

ఇక ఆ కోర్సు. నాకు క్లౌడ్ మీద అనుమానం లేదు. క్లౌడ్ మైగ్రేషన్ ఇంజినీర్ అని బోర్డు పెట్టి అమ్ముతున్న దారి మీదే అనుమానం. తరలింపు అనేది ప్రాజెక్టు, ఒకరోజు అయిపోతుంది. అయిపోయాక బటన్లు నొక్కినవాడు ఇంకో ప్రాజెక్టు కోసం బెంచీ మీద కూర్చుంటాడు. ఆ బటన్లు కూడా ఏడాదికేడాది సాధనాలే నొక్కేసుకుంటున్నాయి. క్లాసులో ఏం నేర్పుతారు? ఖాళీ ఖాతా తెరిచి, ఖాళీ మెషీన్ లేపి, మళ్లీ తుడిచేస్తారు. పాస్‌వర్డ్ తెలిసినవాడు మానేసి వెళ్లిపోయిన పాత అప్లికేషన్ అక్కడ ఉండదు. రాత్రి 11కు ఆపి తెల్లవారుజామున 4 లోపు లేపి తీరాలన్న ఒత్తిడి ఉండదు. ఇంటర్వ్యూలో కాస్త తెలిసినవాడు అడిగేవి అవే. "కుదరకపోతే పాతదానికి ఎలా వెనక్కి వెళ్దామనుకున్నావు?" అని అడిగితే కోర్సు చేసినవాడు నోట్సు అప్పజెబుతాడు. నిజంగా తరలింపు చేసినవాడు ఆ రాత్రి ఏం జరిగిందో చెబుతాడు, అవతలివాడికి తేడా తెలిసిపోతుంది.

అనుభవం లేని పిల్లల రెజ్యూమేలో మూడేళ్ల దొంగ అనుభవం రాయించే చోట్లున్నాయి. మీ అబ్బాయికి నిజమైన మూడేళ్లున్నాయి. వాటిని వదిలేయమని మీరే చెబుతున్నారు!

క్లౌడ్‌కు వెళ్లినవాళ్లంతా అక్కడే ఉండిపోతున్నారనీ అనుకోకండి. బేస్‌క్యాంప్ తయారుచేసే 37సిగ్నల్స్ అనే అమెరికా సంస్థ, బిల్లు భరించలేక క్లౌడ్ నుంచి సొంత సర్వర్లకు తిరిగొస్తున్నామని 2022 అక్టోబరులో బహిరంగంగానే చెప్పి అలాగే చేసింది. అందరూ అలా చేయాలని చెప్పడం లేదు. ఒక దారి మూసుకుపోయిందని ఇన్‌స్టిట్యూట్ కౌంటర్లో చెప్పే మాట నమ్మొద్దంటున్నాను. అలాగే 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతానని ప్రకటించినప్పటి నుంచి "డేటా సెంటర్ ఉద్యోగాలకు ఏ కోర్సు" అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. డేటా సెంటర్‌లో పెట్టుబడితో పోలిస్తే పనిచేసేవాళ్లు తక్కువ. అందులోనూ చాలామంది కరెంటు, కూలింగ్, సెక్యూరిటీ చూసేవాళ్లే. పేపర్లో హెడ్డింగ్ చూసి పిల్లల చదువులు తిప్పకండి.

పోల్చి చెప్పమన్నారు కదా. వీఎంవేర్ ఒక్కటే తెలిసి, వీసెంటర్‌లో స్నాప్‌షాట్లు (వీఎం ఆ క్షణంలో ఉన్న స్థితిని దాచిపెట్టుకోవడం) తీసుకుంటూ కూర్చుంటే నాలుగైదేళ్లలో నిజంగానే ఇబ్బంది. మీ భయంలో ఆ మేరకు న్యాయం ఉంది. క్లౌడ్ ఒక్కటే, అదీ ప్రాథమిక సర్టిఫికెట్‌తో వచ్చినవాళ్ల వరుస చాలా పొడుగ్గా ఉంది. పాత వైపు పనిచేసి కొత్త వైపు నేర్చుకున్నవాళ్ల వరుస చిన్నది. జీతాల పట్టిక ఇవ్వను. ఇస్తే అందులో పెద్ద అంకె ఒక్కటే మీకు గుర్తుంటుంది.

అబ్బాయి చేయాల్సింది ఉద్యోగంలో ఉంటూనే చేయొచ్చు. లైనక్స్ గట్టిగా రావాలి, ఆసుపత్రుల్లో విండోస్ సర్వర్లే ఎక్కువ కాబట్టి అతనికి అది తక్కువగా వచ్చి ఉంటుందని నా ఊహ. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంటే ప్రాక్స్‌మాక్స్ వేసి రెండు మూడు వీఎంలు నడిపించాలి. అది ఉచితమే. అందులో ఒకదాన్ని ఏడబ్ల్యూఎస్‌కో అజూర్‌కో తనే తరలించి, మళ్లీ వెనక్కి తెచ్చి చూడాలి. 2025 జులై మధ్య నుంచి ఏడబ్ల్యూఎస్ కొత్త ఖాతాలకు ఉచితం అనేది క్రెడిట్ల రూపంలో, 200 డాలర్ల వరకు ఉంటుంది. ఖాతా తెరిచిన రోజే బడ్జెట్ హెచ్చరిక పెట్టుకోవాలి. 2024 ఫిబ్రవరి నుంచి మెషీన్‌ను ఇంటర్నెట్ నుంచి చేరడానికి ఇచ్చే పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకు కూడా గంటకు అర సెంటు వేస్తున్నారు, మర్చిపోయి వదిలేస్తే నెలకు మూడున్నర డాలర్లు దాటుతుంది. అది చేతికొచ్చాక అదే ఏర్పాటును టెర్రాఫామ్‌లో (క్లౌడ్ ఏర్పాట్లను కోడ్‌గా రాసిపెట్టే సాధనం) రాయడం నేర్చుకోవాలి. సర్టిఫికెట్ కావాలంటే ఒక్కటి చాలు, ఏడబ్ల్యూఎస్ వాళ్ల సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ గానీ అజూర్ వాళ్ల ఏజెడ్-104 గానీ. ఆసుపత్రి ఏ క్లౌడ్‌కు వెళ్తుంటే అది. వీటికి పుస్తకాలు, వీడియోలు, పరీక్ష ఫీజు కలిపినా 90 వేలలో నాలుగో వంతు కాదు.

మీరు చేయాల్సింది కూడా ఉంది. అబ్బాయి శని, ఆదివారాలు గుంటూరు వచ్చినప్పుడు కోర్సు మాట ఎత్తకండి. బావమరిది కొడుకు మాట అసలే వద్దు. ఆ అబ్బాయిని తక్కువ చేయడం లేదు, అతను అప్పుడే కాలేజీ నుంచి బయటికొచ్చినవాడైతే అతని లెక్క వేరు, మీవాడి లెక్క వేరు. ఇంట్లో ప్రాక్స్‌మాక్స్ పెట్టుకోవడానికి ఓ పాత డెస్క్‌టాప్, 16 జీబీ మెమరీ కొనిపెట్టండి. ఖర్చు పెట్టాలని మీకంత ఉంటే దానికి పెట్టండి.

హైదరాబాద్ వెళ్లాలా అంటే, వెళ్లాలి, ఇప్పుడే కాదు. ఈ పని విజయవాడలో దొరికినా జీతం పెరిగే కంపెనీలు అక్కడే ఎక్కువ. ఆసుపత్రి తరలింపులో కనీసం రెండు మూడు కట్‌ఓవర్లు చేతిమీదుగా జరిగాక, ఉద్యోగంలో ఉంటూనే ఇంటర్వ్యూలు ఇచ్చి, ఆఫర్ లెటరు చేతికొచ్చాక రాజీనామా చేయాలి. వచ్చే వారమే చేయాల్సిన పని ఒకటుంది. తరలింపు బృందంలో తన పేరు ఉందో లేదో ఐటీ మేనేజర్‌ను అడిగి తెలుసుకోమనండి. లేకపోతే చేర్చమని మెయిల్ పెట్టి, వీఎంల జాబితా, ఏది దేని మీద ఆధారపడిందో రాసిన పట్టిక తానే తయారుచేసి దానికి జతచేయమనండి. అతను అడగడానికి మొహమాటపడే రకమని మీ ఉత్తరం చదివితే అనిపించింది. మీరు ఒత్తిడి చేయాలనుకుంటే ఆ మెయిల్ దగ్గర చేయండి.