ఎన్నారై సందేహాలు: సింగపూర్‌లో చైనీస్ ఫ్రైడ్ నూడుల్స్ తినాలంటే

సింగపూర్‌కి కొత్తగా వచ్చినవాళ్ళు ఇల్లు, స్కూలు, బ్యాంకు అకౌంటు సంగతులన్నీ అయ్యాక కాస్త మొహమాటంగా అడిగే ప్రశ్న ఇది: "ఆఫీసులో చైనీస్ కొలీగ్స్ ఏదో ఫేమస్ నూడుల్స్ షాపుకి లంచ్‌కి రమ్మంటున్నారు. మేం చికెన్, మటన్ తింటాం కానీ పోర్క్, బీఫ్ ముట్టం. వెళ్ళాలా, ఏదో వంక చెప్పి తప్పించుకోవాలా?"

వెళ్ళండి. కాకపోతే ఆ మూకుట్లో ఏమేం పడతాయో తెలుసుకుని వెళ్ళండి.

మన దగ్గర ఫాస్ట్‌ఫుడ్ బండి మీద క్యాబేజీ, పచ్చిమిర్చి, వెనిగర్ వేసి ఎగరేసే నూడుల్స్ రుచి ఇక్కడ వెతక్కండి. మంచూరియా సంగతి సరేసరి, అది ఇండియాలో స్థిరపడ్డ చైనావాళ్ళ చేతిలో పుట్టింది. మన రెస్టారెంట్ మెనూల్లో పసుపు రంగులో కనిపించే 'సింగపూర్ నూడుల్స్' కూడా ఇక్కడి జనం రోజూ తినేది కాదు. ఇక్కడ వేపుడు నూడుల్స్ అంటే ముందుగా చెప్పుకోవలసినవి రెండు: చార్ క్వే తియావ్, హొక్కియన్ మీ ('మీ' అంటే ఇక్కడ నూడుల్స్).

చార్ క్వే తియావ్ వెడల్పాటి బియ్యపు నూడుల్స్‌తో చేస్తారు, చాలాచోట్ల గోధుమతో చేసిన పసుపు నూడుల్స్ కూడా కలుపుతారు. వంట చేసే అంకుల్ ఎదురుగా రెండు నిమిషాలు నిలబడి చూడండి, సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి. భగ్గుమనే మంట మీద మూకుడు. అందులో మొదట పడేది నూనె కాదు, తెల్లటి పంది కొవ్వు. దాని మీద వెల్లుల్లి, తర్వాత నూడుల్స్, తియ్యటి నల్ల సోయా సాస్. నూడుల్స్‌ని ఒక పక్కకి జరిపి ఖాళీ అయిన చోట గుడ్డు కొడతాడు. ఆ తర్వాత మొలకలు, ఫిష్ కేక్ ముక్కలు, ఎర్రగా పల్చగా తరిగిన చైనీస్ సాసేజ్. ఆ ఎర్ర ముక్కల్ని చూసి చికెన్ సాసేజ్ అనుకునేవాళ్ళున్నారు. అది తీపి పంది సాసేజ్. చిట్టచివర్లో 'హమ్' అనే చిన్న ఆల్చిప్ప మాంసం, ఉడికీ ఉడకనట్టుగా వేస్తారు. అలవాటు లేని కడుపైతే మొదటిసారికి "నో హమ్" అనండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఇక్కడి చైనావాళ్ళలోనూ చాలామంది వద్దంటారు.

హొక్కియన్ మీ చూడ్డానికి లేత రంగులో, కొంచెం తడిగా ఉంటుంది. రొయ్యల తలలు, పంది ఎముకలు మరిగించిన రసంలో పసుపు నూడుల్స్, సేమ్యా లాంటి బియ్యపు నూడుల్స్ కలిపి మగ్గనిస్తారు. పైన రొయ్యలు, స్క్విడ్, సన్నగా కోసిన పోర్క్. పక్కన చిన్న నిమ్మకాయ, ఎర్ర సంబల్ కారం. కొన్ని కొట్లలో వక్కమట్ట మీద పెట్టి ఇస్తారు, మన ఫంక్షన్లలో భోజనాలు పెట్టే ప్లేట్ల సరుకే. ఇందులోనూ పంది కొవ్వు ముక్కలు ఉంటాయి. కరకరలాడేలా వేయించి పైన చల్లితే అచ్చం తాలింపులో వేగిన పల్లీల్లా కనిపిస్తాయి.

మనవాళ్ళు పొరబడేది ఇక్కడే. "నో పోర్క్" అని చెప్పేసి నిశ్చింతగా కూర్చుంటారు. అంకుల్ మాంసం ముక్కలు తీసేస్తాడు, కొవ్వు మాత్రం వేస్తాడు. ఆయన లెక్కలో అది మాంసం కాదు, నూనె. కాబట్టి రెండూ అడగాలి. పొడుగాటి ఇంగ్లీషు వద్దు, వెనక క్యూ ఉంటుంది. "అంకుల్, గాట్ పోర్క్? గాట్ లార్డ్?" చాలు. లార్డ్ అంటే ఆ పంది కొవ్వే. మన లాగే ఇక్కడా పెద్దవాళ్ళని అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు. మంట వెలిగించక ముందే అడగండి, ప్లేటు చేతికొచ్చాక అడిగి లాభం లేదు. కొన్ని కొట్ల మీద 'నో పోర్క్, నో లార్డ్' అని బోర్డే ఉంటుంది. అది హలాల్ సర్టిఫికెట్‌తో సమానం కాదు గానీ, పంది మాత్రమే వద్దనుకునేవాళ్ళకి సరిపోతుంది. బీఫ్ సాధారణంగా ఈ రెండు వంటకాల్లో ఉండదు. 'జీ చార్' కొట్లలో, అంటే అడిగిన చైనీస్ వంటకాలు రకరకాలుగా వండి పెట్టే కొట్లలో మాత్రం బీఫ్ హోర్ ఫన్ (వెడల్పాటి బియ్యపు నూడుల్స్‌తో బీఫ్) అని ఉంటుంది, అదే మూకుట్లో మీ ప్లేటు కూడా తయారవుతుంది. అంతవరకు పట్టింపు ఉన్నవాళ్ళు అక్కడ తినకపోవడమే మేలు.

నన్నడిగితే, పోర్క్ తినని మనిషి పేరుమోసిన చార్ క్వే తియావ్ కొట్టుకి వెళ్ళి అది తీసెయ్యి, ఇది తీసెయ్యి అనడం దండగ. ఆ రుచికి మూలమే ఆ కొవ్వు, ఆ మంట. పైగా ఒక్కో ప్లేటు విడిగా వేయించే పెద్దాయనకి అది విసుగు. హాకర్ సెంటర్ అంటే చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే చోటు. అక్కడున్న సుఖం ఏమిటంటే, ఒకే బల్ల దగ్గర పదిమంది పది కొట్ల తిండి తినొచ్చు. కొలీగ్స్ వాళ్ళ ప్లేటు తెచ్చుకుంటారు, మీరు పక్కనే ఇండియన్ ముస్లిం కొట్లో 'మీ గోరెంగ్' అనే వేపుడు నూడుల్స్ తెచ్చుకోండి. ఎర్రగా, కారంగా, బంగాళాదుంప ముక్కలు, గుడ్డు, మటన్ వేసి చేస్తారు. మన నాలుకకి మొదటి ముద్దకే నచ్చుతుంది. లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్ వైపు వెళ్తే చాలా కొట్లున్నాయి.

శాకాహారుల సంగతి వేరు. 'వెజిటబుల్ నూడుల్స్' అని కనబడగానే ఆర్డర్ చెయ్యకండి. కూరగాయలు ఉన్నాయని మాత్రమే దానర్థం, ఆయిస్టర్ సాస్, రొయ్యల పేస్టు, ఎముకల రసం మామూలుగానే పడతాయి. బౌద్ధుల శాకాహార కొట్లు దాదాపు ప్రతి హాకర్ సెంటర్లో ఒకటి ఉంటుంది. 'వెజిటేరియన్ బీ హూన్' అని అడిగితే వేయించిన సన్న బియ్యపు నూడుల్స్ మీద క్యాబేజీ, వేయించిన సోయా పొరలు వేసి ఇస్తారు. పక్కన ఎర్రటి మాంసం ముక్కల్లాంటివి కనబడితే కంగారు పడొద్దు, అవి గోధుమతోనో సోయాతోనో చేసినవి. ఈ కొట్లలో చాలావాటిలో ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు, కార్తీక మాసంలో మనవాళ్ళకి పనికొస్తుంది. గుడ్డు సంగతి మాత్రం అడిగి తెలుసుకోండి. చైనా క్యాలెండర్ ప్రకారం నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు చాలామంది బౌద్ధులు మాంసం మానేస్తారు, ఆ రోజుల్లో ఈ కొట్ల దగ్గర క్యూ పొడుగ్గా ఉంటుంది.

పోర్క్ తినేవాళ్ళకి పేర్లు కావాలంటే, హాంగ్ లిమ్ ఫుడ్ సెంటర్లో అవుట్‌రామ్ పార్క్ ఫ్రైడ్ క్వే తియావ్ మీ, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్‌లో నామ్ సింగ్ హొక్కియన్ మీ. రెండు చోట్లా నిలబడక తప్పదు. సరుకు అయిపోతే మూసేస్తారు కాబట్టి రాత్రి భోజనానికని నమ్ముకోవద్దు. అయిదారు డాలర్లు చేతిలో చిల్లరగా ఉంచుకోండి, కొందరు నగదే తీసుకుంటారు.

బల్ల మీద టిష్యూ ప్యాకెట్టో, గొడుగో ఉంటే ఆ చోటు ఎవరో పట్టుకున్నారని. దాన్ని పక్కకి తీసేసి కూర్చోకండి. నీళ్ళు, టీ వేరే కొట్లో కొనుక్కోవాలి. కారం వేయమంటావా అని అంకుల్ అడిగితే మన ధీమాతో "మోర్ చిల్లీ" అనేవాళ్ళే ఎక్కువ, అనండి, తప్పు లేదు. చాప్‌స్టిక్స్ రాకపోతే ఫోర్కు తీసుకోండి. తిన్నాక ట్రే మీరే తీసుకెళ్ళి ర్యాక్‌లో పెట్టాలి. 2021 సెప్టెంబరు నుంచి హాకర్ సెంటర్లలో దీన్ని గట్టిగా అమలు చేస్తున్నారు. మొదటిసారి హెచ్చరిక, మళ్ళీ పట్టుబడితే 300 డాలర్ల జరిమానా. ర్యాకులు హలాల్, నాన్ హలాల్ అని విడివిడిగా ఉంటాయి, చూసి పెట్టండి. ఈ ఒక్క విషయంలో అజాగ్రత్త పనికిరాదు, అవతల వాళ్ళ నమ్మకం.

అదే ఏసీ రెస్టారెంటుకి తీసుకెళ్తే లెక్క మారుతుంది. కూర్చోగానే బల్ల మీద వేరుశెనగ గింజలో, ఊరగాయ ముక్కలో పెడతారు, తడి టిష్యూలు ఇస్తారు. మర్యాదకి పెట్టారనుకోకండి, చాలాచోట్ల బిల్లులో వస్తాయి. వద్దంటే తీసేస్తారు. ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటే 10 శాతం సర్వీసు చార్జీ, దాని మీద 9 శాతం జీఎస్టీ అదనం. పీతలు, చేపల పక్కన 'సీజనల్ ప్రైస్' అని రాసి ఉంటే కేజీ ఎంతో అడగకుండా తల ఊపొద్దు.

సెలవుల్లో మలేషియా వెళ్ళేవాళ్ళకి ఒక మాట. పేరు అదే అయినా వంటకం మారిపోతుంది. కౌలాలంపూర్‌లో హొక్కియన్ మీ లావుపాటి నూడుల్స్‌తో నల్లగా నిగనిగలాడుతూ వస్తుంది, పంది కొవ్వు ముక్కలు దండిగా. పెనాంగ్‌లో అదే పేరు చెబితే కారం కారంగా రొయ్యల సూపు గిన్నె తెచ్చి పెడతారు. వేపుడు కావాలంటే అక్కడ చార్ క్వే తియావ్ అనే అడగండి. ఇక్కడి కన్నా తీపి తక్కువ, రొయ్యలు ఎక్కువ. పోర్క్, లార్డ్ ప్రశ్నలు మాత్రం అక్కడా అడగాల్సిందే.