మైన్‌క్రాఫ్ట్‌లో విలేజర్‌ని వ్యాపారంతో సహా కాపీ చేయడం, ఐటెమ్ డేటా చూడడం ఎలా?

మీరు అడిగినవి రెండు. క్లోన్ కమాండ్‌తో కొట్ల వరుసను కాపీ చేస్తే గోడలు, పెట్టెలు వచ్చాయి గానీ విలేజర్లు (ఆటలో మనతో బేరం చేసే ఊరివాళ్లు) రాలేదు. ఒకే పేరున్న రెండు వస్తువులేమో ఒక స్టాక్‌గా కలవట్లేదు. మీది జావా ఎడిషన్ (కంప్యూటర్‌లో ఆడే రకం) అన్నారు కాబట్టి దాని సంగతే చెప్తాను. కమాండ్లు ఆన్‌లో ఉండాలి, సర్వర్ అయితే మీరు ఆపరేటర్ అయ్యుండాలి.

ముందు రెండోది చూద్దాం, ఎందుకంటే డేటా చదవడం వస్తే కాపీ సంగతి దానంతటదే తేలిపోతుంది. మా అక్క పిల్లలతో కలిసి గుంటూరు మిర్చి యార్డు కడుతున్నాం. ఆటలో మిరపకాయ లేదు, ఎర్ర డైకి తేజ, బ్యాడిగి అని పేర్లు పెట్టుకున్నాం. పెద్దవాడు అన్విల్ మీద పేరు పెట్టిన తేజ, నేను గివ్ కమాండ్‌తో తెచ్చిన తేజ చూడ్డానికి అచ్చం ఒక్కటే. కానీ కలవవు. కమీషన్ ఏజెంటుగా నిలబెట్టిన విలేజర్ నాది తీసుకుంటాడు, వాడిది వద్దంటాడు. వాడేమో నేనేదో మోసం చేశానని గొడవ.

వస్తువును చేతిలో పట్టుకుని స్లాష్ డేటా గెట్ ఎంటిటీ, యాట్ ఎస్ (అంటే మీరే), సెలెక్టెడ్‌ఐటెమ్ అని కొట్టండి. సెలెక్టెడ్, ఐటెమ్ అనే రెండు మాటల మధ్య ఖాళీ ఉండకూడదు, రెండింటికీ మొదటి అక్షరం పెద్దది. చాట్‌లో ఐడీ, కౌంట్, కాంపొనెంట్స్ (వస్తువుకు తగిలించిన వివరాలు) వస్తాయి. వాడి డైలో కస్టమ్ నేమ్ ఒక్కటే ఉంది. నా దాంట్లో దాంతోపాటు కస్టమ్ డేటా కూడా ఉంది, రకం గుర్తు కోసం నేనే పెట్టింది. కాంపొనెంట్స్‌లో రవ్వంత తేడా ఉన్నా ఆట వాటిని వేర్వేరు సరుకుగానే చూస్తుంది. ఏజెంటు బేరంలో ఆ గుర్తు కూడా అడిగి ఉంది కాబట్టి వాడి తేజ చెల్లలేదు. పెట్టెలో సరుకు చూడాలంటే డేటా గెట్ బ్లాక్ అని పెట్టె కోఆర్డినేట్లు ఇస్తే చాలు.

పాత యూట్యూబ్ వీడియోల్లోని గివ్ కమాండ్లు నమ్ముకోవద్దు. 2024లో వచ్చిన 1.20.5 నుంచి వస్తువులకు వివరాలు రాసే పాత ఎన్‌బీటీ పద్ధతి పోయి కాంపొనెంట్స్ వచ్చాయి. మీసాల బ్రాకెట్ ఉన్నచోట ఇప్పుడు చదరపు బ్రాకెట్ రాయాలి. విలేజర్ లాంటివాటిని పుట్టించే సమన్ కమాండ్‌లో మాత్రం ఎంటిటీకి (అంటే బ్లాక్ కాకుండా విడిగా ఉండేదానికి) ఇంకా మీసాల బ్రాకెట్టే.

ఇక విలేజర్లు. క్లోన్ బ్లాకుల్నే కాపీ చేస్తుంది. పెట్టెలోని సరుకు ఆ బ్లాకు డేటాలో భాగం కాబట్టి వెంట వచ్చేస్తుంది. విలేజర్, ఆర్మర్ స్టాండ్, ఐటెమ్ ఫ్రేమ్ ఎంటిటీలు, వాటి జోలికి అది పోదు.

ఒక్కడే కావాలంటే అతని వైపు చూస్తూ ఎఫ్3తో పాటు ఐ నొక్కండి. అతని వృత్తి, బేరాలు అన్నీ ఉన్న సమన్ కమాండ్ క్లిప్‌బోర్డుకి వచ్చేస్తుంది. దాన్ని చాట్‌లో అతికించాలని చూడకండి, అక్కడ 256 అక్షరాలే పడతాయి. కమాండ్ బ్లాక్‌లో అతికిస్తే 32,500 వరకు పడుతుంది. షిఫ్ట్ కూడా కలిపి నొక్కితే మీ కంప్యూటర్‌కి తెలిసిన డేటా మాత్రమే వస్తుంది, అందులో బేరాలుండవు.

వరుస మొత్తం కావాలంటే, కట్టడాన్ని సేవ్ చేసి ఇంకోచోట లోడ్ చేసే స్ట్రక్చర్ బ్లాకే మేలు. ఒక్కోవైపు 48 బ్లాకుల దాకా తీసుకుంటుంది. ఎంటిటీలను చేర్చే బటన్ మొదట ఆఫ్‌లో ఉంటుంది. సేవ్ చేసేటప్పుడూ, లోడ్ చేసేటప్పుడూ రెండుచోట్లా దాన్ని ఆన్ చేయాలి. లోడ్ బటన్‌తో జాగ్రత్త. మళ్లీ నొక్కితే గోడల మీద గోడలు పడి తేడా తెలియదు గానీ, విలేజర్లు మాత్రం ఒకరి మీద ఒకరు పుట్టుకొస్తారు. ఒకేచోట 24 మంది దాటితే ఊపిరాడక చావడం మొదలవుతుంది, అది ఆటలో ఉన్న రూలే.

కాపీ చేసే ముందు అసలు విలేజర్‌తో ఒక్కసారైనా బేరం చేయండి. మొదటి లెవెల్‌లో ఉండి ఎవరితోనూ బేరం చేయని విలేజర్‌కి దగ్గర్లో తన పని బ్లాక్ లేకపోతే వృత్తి ఊడిపోతుంది, మీరు పెట్టిన బేరాలూ పోతాయి. కదలకుండా ఉండాలని విలేజర్ డేటాలో నోఏఐ అని పెట్టేవాళ్లున్నారు. అలా పెట్టినా బేరం చేస్తాడు గానీ సరుకు మళ్లీ నింపుకోడు. ప్రతి బేరంలో మ్యాక్స్‌యూసెస్ (సరుకు అయిపోయేలోపు ఎన్నిసార్లు బేరం చేయొచ్చో చెప్పే) అంకె బాగా పెంచి ఉంచితే ఆ బాధ లేదు. మా యార్డులో అందరికీ అదే చేశాం.

మీ ఫ్రెండ్స్ ఫోన్‌లో బెడ్‌రాక్ ఆడుతుంటే వాళ్లకి డేటా కమాండ్ లేదు. కాపీకి మాత్రం స్ట్రక్చర్ సేవ్, స్ట్రక్చర్ లోడ్ అనే కమాండ్లున్నాయి, అవి ఎంటిటీలను కూడా తీసుకుంటాయి.