రెండో ప్రతి మీద ముద్ర

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఆదివారం నువ్వు ఫోనులో మాట్లాడినంత సేపూ ఏడుపు అణచుకుంటున్నావని నాకు తెలుస్తూనే ఉంది. మీ నాన్న పోయి మూడు నెలలైనా కాలేదు. ఆ దుఃఖంలోనే మీ అమ్మను వెంటబెట్టుకుని బ్యాంకు మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగావు. ఒకసారి సర్వర్ పనిచేయడం లేదన్నారు. ఒకసారి మేనేజరు సెలవన్నారు. ఇంకోసారి ఆ పని చూసే ఉద్యోగికి బదిలీ అయిందన్నారు. నాలుగోసారి కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం తెమ్మన్నారు. ఇది చాలదన్నట్టు మీ అమ్మ పేరిట పంపిన కొత్త ఏటీఎం కార్డు అందజేసినట్టు పోస్టాఫీసు లెక్కల్లో ఉంది, ఇంటికి మాత్రం రాలేదు. విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఫోనులో చెబితే సగం మరిచిపోతావని ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువుకుని దాచుకో.

నేను 34 ఏళ్లు పోస్టాఫీసు కౌంటరు లోపల కూర్చున్నాను. 2017లో పదవీ విరమణ చేశాను. 2019లో మీ పెదనాన్న పోయాక, బ్యాంకు కౌంటరుకు ఇవతల నిలబడ్డాను. రెండు వైపులా చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. నువ్వు నాలుగుసార్లు వెళ్లావని నీకు తెలుసు, మీ అమ్మకు తెలుసు. ఆ బ్యాంకుకు మాత్రం తెలియదు. నాలుగుసార్లూ నోటితో అడిగావు, వాళ్లు నోటితో చెప్పి పంపారు. రేపు పైఅధికారి వచ్చి అడిగితే నువ్వు వచ్చినట్టు అక్కడ ఒక్క కాగితం ముక్క దొరకదు.

మా ఆఫీసులో పొద్దున్నే మొదట చేసే పని ముద్రలో తేదీ మార్చడం. చిన్న చిన్న లోహపు అంకెలు ఊడదీసి, ఆ రోజువి పెట్టి, సిరా అద్ది, ఒక పుస్తకంలో ముద్ర కొట్టి చూసేవాళ్లం. అంకె అలుక్కుపోకుండా సరిగ్గా పడిందని తేల్చుకున్నాకే మొదటి ఉత్తరాన్ని ముట్టుకునేది. ఎందుకంత పట్టింపు అని ఉద్యోగంలో చేరిన కొత్తలో అనుకునేదాన్ని. ఒక కాగితం మీద ఆ గుండ్రటి ముద్ర పడిందంటే, అది ఫలానా రోజున మా చేతికి వచ్చిందని ఆఫీసు ఒప్పుకున్నట్టే. ఆపైన దానికి జవాబు చెప్పే బాధ్యత మాది. తనిఖీకి వచ్చినవాళ్లు మా మాటలు వినరు, ఆ తేదీలు చూస్తారు.

అప్పట్లో ఒక రైతు వస్తుండేవాడు. చదువు అంతంతమాత్రం. కానీ పోస్టాఫీసులో ఇచ్చిన ప్రతి రసీదునూ ఒక పాత తువాలులో, తేదీల వరుసలో, దారం కట్టి దాచుకునేవాడు. ఒకసారి కొడుకుకు పంపిన మనీయార్డరు చేరలేదు. కౌంటరు ముందుకు వచ్చి మూట విప్పి, రసీదు తీసి నా ముందు పెట్టి, 'అమ్మా, ఇది పదమూడో తేదీది, ఎక్కడ ఆగిందో చూడండి' అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. అరగంటలో అది ఎక్కడుందో కనిపెట్టాను. అదే రోజు మరొకాయన వచ్చి అరగంట సేపు కేకలు వేసి వెళ్లాడు. ఆయన దగ్గర నంబరు లేదు, తేదీ లేదు, రసీదు పారేసుకున్నాడు. ఆయన బాధ నిజమైనదే. ఎక్కడ వెతకాలో మాత్రం నాకు తెలియలేదు.

ఇక నీ పని సంగతి. మీ నాన్న డిపాజిట్‌లో మీ అమ్మ పేరు నామినీగా ఉందని చెప్పావు. అయితే కోర్టు గడప తొక్కవలసిన పని లేదు. నామినీ ఉన్న ఖాతాకు, మొత్తం ఎంతైనా సరే, వారసత్వ ధ్రువపత్రం కానీ పూచీకత్తు బాండు కానీ అడగకూడదని రిజర్వు బ్యాంకు 2005లోనే బ్యాంకులకు చెప్పింది. కోర్టు ఏదైనా ఆపమని ఉత్తర్వు ఇస్తే తప్ప ఇదే పద్ధతి. 2025 సెప్టెంబరులో మళ్లీ కొత్త ఆదేశాలు ఇచ్చి, 2026 మార్చి 31 లోపు అన్ని బ్యాంకులూ అమలు చేయాలన్నది. వాటి ప్రకారం నామినీ ఇవ్వవలసినవి క్లెయిము ఫారం, మరణ ధ్రువపత్రం, తన గుర్తింపు, చిరునామా పత్రాలు. అన్నీ అందిన రోజు నుంచి 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే, ఆ ఆలస్యానికి, రిజర్వు బ్యాంకు ప్రకటించే 'బ్యాంకు రేటు' మీద మరో 4 శాతం కలిపి వడ్డీ చెల్లించాలి. నామినీ లేని ఖాతాలకు కూడా 15 లక్షల రూపాయల వరకు సులువైన పద్ధతే పెట్టారు, సహకార బ్యాంకుల్లో అయితే 5 లక్షల వరకు. మీ అన్నకు కూడా ఒక మాట చెప్పు: నామినీ చేతికి వచ్చిన డబ్బు వారసులందరి తరఫున వచ్చినట్టు లెక్క. ఇంట్లో ముందే మాట్లాడుకుంటే తరువాత మనస్పర్థలు రావు.

ఈసారి వెళ్లేటప్పుడు తెల్ల కాగితం మీద అర్జీ రాసుకుని వెళ్లు. తెలుగులోనే రాయి. బ్యాంకు ఫారాలు తెలుగులో కూడా ఉంచాలన్న నిబంధన ఉంది, కాబట్టి మీ అమ్మకు అర్థమయ్యే ఫారం అడిగి తీసుకో. అర్జీలో మీ కష్టమంతా రాయవద్దు. నాలుగుసార్లు తిప్పారన్న కోపం అక్కరలేదు, ఆ నాలుగు తేదీలు చాలు. ఖాతా నంబరు, డిపాజిట్ నంబరు, మీ నాన్న మరణించిన తేదీ, నామినీగా మీ అమ్మ పేరు, జతచేసిన పత్రాల వివరం రాసి, చివర ఈ వాక్యం చేర్చు: 'నామినీ ఉన్న ఖాతాకు వారసత్వ ధ్రువపత్రం అవసరమని మీరు భావిస్తే, ఏ నిబంధన ప్రకారం అడుగుతున్నారో రాతపూర్వకంగా తెలియజేయగలరు.' ఈ ఒక్క వాక్యం చేసే పని నాలుగు గంటల వాదన చేయలేదు. నోటితో కోర్టు కాగితం అడిగిన మనిషి, అదే మాట సంతకం పెట్టి రాసివ్వాలంటే పుస్తకం తీసి చూసుకుంటాడు. చూస్తే అక్కడ ఆ నిబంధన ఉండదు.

రెండు ప్రతులు రాయి. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద 'అందినది' అని రాయించి సంతకం, తేదీ, బ్యాంకు ముద్ర వేయించుకో. ఇక్కడే అందరూ తడబడతారు. 'ముద్ర ఎందుకండీ, మా మీద నమ్మకం లేదా' అంటారు. మొహమాటపడకు. నన్నూ అలాగే అన్నారు. మీ పెదనాన్న డబ్బు కోసం అయిదుసార్లు తిరిగి ఆరోసారి రెండు ప్రతులతో వెళ్లాను. కౌంటరులో ఉన్న అబ్బాయి అర్జీ తీసుకున్నాడు కానీ ముద్ర వేయనన్నాడు. వాదించలేదు. ఆ ప్రతి వెనక్కి తీసుకుని, వీధి మలుపులో ఉన్న పోస్టాఫీసుకు నడిచి వెళ్లి, అదే మేనేజరు పేరిట రసీదు కార్డు జతచేసి రిజిస్టరు పోస్టులో పంపాను. నాలుగో రోజున ఆ చిన్న కార్డు బ్యాంకు ముద్రతో, సంతకంతో నా ఇంటికి తిరిగి వచ్చింది. ఆ ముద్ర మీద వేలు పెట్టి ఎంతసేపు కూర్చున్నానో. తొమ్మిదో రోజుకు డబ్బు నా ఖాతాలో పడింది. 2025లో రిజిస్టరు పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. నువ్వు పంపవలసి వస్తే స్పీడ్ పోస్టులోనే పంపి, చేరినట్టు రుజువు కావాలని కౌంటరులో అడుగు. రసీదు పారేయవద్దు.

ముద్ర పడిన రోజు నుంచి రోజులు లెక్కపెట్టుకో. మధ్యలో ఒకసారి, ఫిర్యాదులు చూసే బ్యాంకు నోడల్ అధికారికి కూడా రాయి, ఆ వివరాలు శాఖలో గోడ మీద ఉంటాయి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్ అనే వెబ్‌సైటులో పెట్టవచ్చు. లేదంటే చండీగఢ్ సెక్టార్ 17లో ఉన్న రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల కేంద్రానికి ఉత్తరం రాయవచ్చు, ఏ భాషలో రాసినా తీసుకుంటారు. సందేహాలుంటే 14448కు ఫోను చేయి, తెలుగులో మాట్లాడతారు. అయితే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి. అది లేకుండా వెళ్తే అక్కడి నుంచి వెనక్కి పంపేస్తారు. అందుకే ఆ రెండో ప్రతి అంత ముఖ్యం. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో మీ నాన్న పాస్‌బుక్కుల పక్కన ఉంచు.

ఏటీఎం కార్డు విషయం ఈ రోజే చూడు, దీనికి మాత్రం ఆగవద్దు. ఎవరి చేతికి వెళ్లిందో తెలియనప్పుడు మొదట ఆ కార్డును బ్యాంకులో నిలిపివేయించు. ఆ తరువాత స్పీడ్ పోస్టు నంబరు అడుగు. 13 స్థానాలుంటాయి: మొదట రెండు ఇంగ్లీషు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర మరో రెండు అక్షరాలు. ఆ నంబరుతో పోస్టాఫీసుకు వెళ్లి, ఏ రోజు, ఎవరి సంతకంతో అందజేశారో చూపమని రాసివ్వు. పోస్టుమ్యాన్‌ను కూడా మర్యాదగా అడుగు. నేను చూసినంతలో ఇలాంటివాటిలో చాలా వాటికి చిరునామాయే కారణం. మన వైపు ఒకే పేరుతో జిల్లాకు నాలుగేసి ఊళ్లుంటాయి, కొత్తపల్లి అంటే ఏ కొత్తపల్లి? పిన్‌కోడులో ఒక్క అంకె తప్పితే ఉత్తరం పక్క మండలానికి పోతుంది. బ్యాంకులో మీ ఇంటి పిన్‌కోడు, ఫోను నంబరు సరిగ్గా ఉన్నాయో లేదో ఈ పనిలో పనిగా చూసుకో.

అక్కడ తేలకపోతే ఆ పోస్టాఫీసు పైఅధికారి అయిన డివిజన్ సూపరింటెండెంటుకు రాయి. 1800 266 6868 తపాలా శాఖ ఉచిత నంబరు. దానికీ కదలకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టు, దాన్ని సీపీగ్రామ్స్ అంటారు. ఆ పోర్టల్ నుంచి వచ్చిన ఫిర్యాదుకు గడువులోపు జవాబు చెప్పాలి కాబట్టి ఆఫీసుల్లో దాన్ని పక్కన పడేయరు, ఇది నేను లోపల ఉండి చూసినదే. మూడు నెలలకోసారి తపాలా ఫిర్యాదులు వినే డాక్ అదాలత్ కూడా జరుగుతుంది. మీ నాన్నకు పోస్టాఫీసులో నెలసరి ఆదాయ పథకం ఖాతా ఉందన్నావు కదా, దానికి రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దారి పనికిరాదు. దాని గోడు తపాలా శాఖకే చెప్పుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం నాకు నిజంగా భయంగా ఉంది. విసిగిపోయి ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోను చేయకు. అక్కడ దొంగలు తమ నంబర్లు పెట్టుకుని కాచుకుని ఉంటారు. నంబరు పాస్‌బుక్కు మీదనుంచో కార్డు వెనకనుంచో తీసుకో. 'మీ పార్సిలు చిరునామా తప్పుగా ఉంది, ఈ లింకు నొక్కండి' అని సందేశం వస్తే నొక్కకు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని మీ అమ్మకు రోజూ గుర్తు చేయి. ఒకవేళ డబ్బు పోతే ఆ క్షణమే 1930కి ఫోను చేసి, వెంటనే బ్యాంకుకు కూడా చెప్పాలి. మూడు పని రోజుల్లోపు చెప్పడం చాలా ముఖ్యం.

ఏటీఎంలో డబ్బు రాకుండానే ఖాతాలో తగ్గిందని కూడా అన్నావు. అది చిన్న పని. అయిదు రోజుల్లో తిరిగి జమ కావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు ఇవ్వాలని 2019 నుంచి నిబంధన ఉంది. తేదీ, సమయం రాసి ఒక అర్జీ పడేయి.

కౌంటరులో ఉన్నవాళ్ల మీద అరవకు తల్లీ. ముగ్గురు చేయవలసిన పని ఒక్కరు చేస్తున్న రోజులు నేనూ గడిపాను, మధ్యాహ్నం రెండయినా అన్నం డబ్బా మూత తీయని రోజులున్నాయి. అలాగని బతిమాలవద్దు కూడా. మీ నాన్న కష్టార్జితం అది. మీ అమ్మ అడుగుతున్నది ఎవరి దయా కాదు. భర్త పోయిన మనిషిని మోకాళ్ల నొప్పులతో నాలుగుసార్లు తిప్పి, ఒక్కసారి కూడా కుర్చీ చూపని మేనేజరును నేను క్షమించలేను. ఆ కోపమంతా ఆ మేనేజరు పైవాళ్లకు రాసే ఉత్తరంలో పెట్టు, తేదీలతో సహా.

క్లెయిము ఫారం మీద మీ అమ్మ సంతకం కావాలి కాబట్టి సోమవారం తనను తీసుకెళ్లక తప్పదు. పదిన్నరకల్లా చేరుకోండి. కళ్లజోడు, మంచినీళ్ల సీసా మరిచిపోవద్దు. అర్జీ ఈ రాత్రే రాసి ఫొటో తీసి పంపు, చూసి సరిచేస్తాను. ముద్ర పడ్డాక ఆ ప్రతి ఫొటో కూడా పంపు. 15వ రోజు, 30వ రోజు ఏ తేదీల్లో వస్తాయో నా క్యాలెండరులోనూ రాసిపెట్టుకుంటాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ