ముందే కురిసిన మంచు గురించి రాసేటప్పుడు

చిరంజీవికి,

నీ కథ చదివాను. మొదటి పేజీ అంతా ఆకాశమే. పిల్లలు రెండో పేజీ చివర్లో గానీ లేవలేదు. పసివాళ్లున్న ఇంట్లో అది జరిగే పని కాదు. మంచు పడిందని అందరికన్నా ముందు పసిగట్టేది వాళ్లే. ఆపైన పెద్దవాళ్లకి ఆకాశం వైపు చూసే తీరిక ఎక్కడిది?

నువ్వు రాస్తున్నది మంచు గురించి కాదు, నెల ముందు వచ్చిపడ్డ మంచు గురించి. రావాల్సిన రోజుల్లో వస్తే ఇల్లు సిద్ధంగా ఉంటుంది, కథకి పని ఉండదు. అందుకని ఆ ఇంట్లో ఏమేం సిద్ధంగా లేవో ముందు ఒక కాగితం మీద రాసుకో. పోయిన ఏటి బూట్లు ఎక్కడో పైన అరలో ఉంటాయి. దించి చూస్తే పెద్దాడికి పట్టవు, ఈ వయసులో పాదం ఏడాదికి దాదాపు సెంటీమీటరు పెరుగుతుంది. పోనీ చిన్నదానికి వేద్దామంటే దానికింకా వదులు. మిట్టెన్లలో, అంటే బొటనవేలికి మాత్రమే విడి గూడుండే చేతి తొడుగుల్లో, ఒకటే దొరుకుతుంది. కారుకి ఇంకా మంచు మీద పట్టు దొరకని వేసవి టైర్లే. బడికి సెలవిచ్చేశారు, ఆఫీసులకి ఇవ్వలేదు. చెట్ల ఆకులు రాలలేదు.

ఈ చివరిదాన్ని నువ్వు పట్టించుకోలేదు. నడి చలికాలంలో మోడుల మీద పడిన మంచు చాలావరకు కిందకి జారిపోతుంది. ఆకులున్న చెట్టు మాత్రం దాన్ని పట్టి నిలుపుకుంటుంది. పైగా సున్నా డిగ్రీల దగ్గర పడే మంచు తడిగా, బరువుగా ఉంటుంది. మామూలుగా 10 సెంటీమీటర్ల మంచు కరిగితే ఒక సెంటీమీటరు నీరు, అంటే చదరపు మీటరుకి 10 కిలోలు. తడి మంచైతే అదే మందానికి 20 కిలోల దాకా పోతుంది. కొమ్మలు విరిగేది, తీగలు తెగి కరెంటు పోయేది అందుకే. నీ కథలో కొమ్మ విరిగింది, బాగుంది. కానీ అదే పేరాలో నాన్న మంచుని పిడికిట పట్టబోతే అది పొడిపొడిగా రాలిపోయింది. కొమ్మ విరిచే మంచు చేతికి ముద్ద కట్టి తీరాలి. బొమ్మ చెయ్యడానికి అంతకంటే మంచిది దొరకదు. ఒకే వాకిట్లో రెండు రకాల మంచు కురిపిస్తే, ఆ చలిలో బతికిన పాఠకుడు పుస్తకం అక్కడే మూసేస్తాడు. అలాగే మొదటి గంటలో రోడ్డుని తెల్లగా చెయ్యకు. నేలలో ఇంకా వేడి ఉంటుంది కనక ముందు గడ్డి మీద, కారు పైకప్పు మీద, ఉయ్యాల బల్ల మీద నిలుస్తుంది. రోడ్డు మీద పడింది పడ్డట్టే కరుగుతుంది.

ఇక బట్టలు తొడిగే ఘట్టం. నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు: “పిల్లల్ని వెచ్చగా ముస్తాబు చేసి బయటికి తీసుకెళ్లింది.” కథ మొత్తానికి గుండెకాయ ఇదే, రెండు పేజీలు ఇవ్వు. మొదట బాత్రూం, అది మరిస్తే తొడిగినవన్నీ విప్పాలి, పిల్లలకి ఆ అవసరం సరిగ్గా చివరి జిప్పు వేశాకే గుర్తొస్తుంది. తర్వాత ఒక్క జత సాక్సు. చలని చెప్పి రెండు జతలు వేస్తే బిగుతు బూటులో రక్తం ఆడదు, వెచ్చగా ఉంచే గాలి పొర నిలవదు, కాళ్లు ఇంకా చల్లబడతాయి. ఆపైన స్నో ప్యాంటు, తర్వాత బూట్లు, ప్యాంటు అంచు బూటు మీదకి రావాలి. మిట్టెన్లు జాకెట్ కంటే ముందు, వాటి అంచు జాకెట్ చేతి మడత లోపలికి పోవాలి, లేకపోతే మణికట్టు దగ్గర మంచు దూరుతుంది. మూడేళ్లది పిడికిలి విప్పదు. దాని బొటనవేలు ఎక్కడుందో తల్లి పైనుంచి తడిమి, వెతికి, దాని గూట్లోకి తొయ్యాలి. అంతలో రెండో చెయ్యి ఊడిపోతుంది. ఎవరికి ముందు తొడగాలన్నదీ ఆలోచించు. ముందు సిద్ధమైనవాడు వేడి ఇంట్లో చెమటపట్టి, ఆ తడితోనే బయటికెళ్లి వణుకుతాడు. అందుకే పెద్దాడి జాకెట్ జిప్పు గుమ్మం దగ్గరే. ఇంత చేశాక బయట గడిపేది పది నిమిషాలు. ఇక్కడ వేరే హాస్యం పెట్టనక్కర్లేదు, వరస సరిగ్గా రాస్తే చాలు.

చిన్నదాన్ని మంచులోకి దించగానే కేరింతలు కొట్టించావు. దానికి పోయిన ఏటి మంచు జ్ఞాపకం ఉండదు. కాలు కింద పెట్టనని మొండికేస్తే నేను నమ్ముతాను. ఏడుపు కూడా బయట కంటే ఇంట్లోకొచ్చాకే ఎక్కువ, ఎందుకంటే మొద్దుబారిన వేళ్లకి మళ్లీ రక్తం పారేటప్పుడే సలుపుతుంది. ఆ అమ్మ చేత వేడినీళ్లు పోయించకు, చేతులు రుద్దించకు. స్పర్శ లేని చర్మానికి కాలుతున్నా తెలియదు. గోరువెచ్చని నీళ్లు చాలు. అవీ ముందు పెద్దవాళ్ల చేత్తో చూడాలి.

కరెంటు పోయిన రాత్రి నాన్న బొగ్గుల కుంపటి గదిలోకి తెచ్చాడు. ఇది నాకు నిజంగా భయమేసింది. మూసిన గదిలో కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆ పని ప్రమాదమని కథలో ఎవరికో ఒకరికి తెలియాలి, లేదా కుంపటి తీసేసి అందరినీ ఒకే గదిలో, ఒకే దుప్పట్ల కింద చేర్చు. కొవ్వొత్తి బదులు టార్చి పెట్టు, మూడేళ్లదాని చెయ్యి ఎక్కడిదాకా పోతుందో నీకు తెలుసు కదా. ఫ్రిజ్ తలుపు తియ్యకపోతే నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. పిల్లలు తియ్యకుండా ఉండరు, ఆ గొడవ కూడా పనికొస్తుంది. కారు ప్రయాణంలో చిన్నదానికి లావు జాకెట్ మీద బెల్టు బిగించావు. జాకెట్ నొక్కుకుపోయి బెల్టు వదులవుతుంది. పలచటి స్వెట్టర్ మీద బిగించి, పైన దుప్పటి కప్పించు.

పోలికల మాట చెప్పనే లేదు. దూది, పాలు, తెల్ల దుప్పటి, మూడూ కొట్టెయ్.

నీ ముగింపులో మంచు వారం రోజులు అలాగే ఉంది. ముందే వచ్చిన మంచు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో పోతుంది, కింద నేల వెచ్చన కదా. వాకిలి బురద, బొమ్మ ఒక పక్కకి ఒరిగి నడుం దగ్గర సన్నబడుతుంది, పెద్దాడు దాన్ని కాపాడమని గోల. బూట్ల లోపలి అట్టలు బయటికి తీసి, బూట్ల నిండా పాత పేపర్లు కుక్కి, తడిసినప్పుడల్లా మార్చాలి, లేకపోతే తెల్లారికి ఆరవు. అమ్మ కిటికీ పక్కన నిలబడి తనలో తాను నవ్వుకునే ఆఖరి పేరా తీసెయ్. రేపు బడి తెరుస్తున్నారు, ఆమెకి ఇంకా ఒక పొడి సాక్సు దొరకలేదు.

ఆశీస్సులతో.