ఆకలి చంపే మాత్రలు ముందు ఆపండి, థెరపీ గురించి తర్వాత మాట్లాడుకుందాం

ప్రశ్న: నా వయసు 31. రెండేళ్లుగా రాత్రి అందరూ పడుకున్నాక విపరీతంగా తినేస్తున్నాను. కడుపు నొప్పి పుట్టేదాకా ఆపుకోలేను. వారానికి మూడు నాలుగు సార్లు ఇలా జరుగుతోంది. మర్నాడు సాయంత్రం దాకా ఏమీ తినను. ఇది బింజ్ ఈటింగ్ డిజార్డర్ అని చదివాను. సీబీటీ, ఐపీటీ, డీబీటీ థెరపీల్లో నాకు ఏది మంచిది? ఎన్నాళ్లు పడుతుంది? స్నేహితురాలు ఇచ్చిన ఆకలి తగ్గే మాత్రలు నెల రోజులుగా వాడుతున్నాను. అప్పుడప్పుడు గుండె దడగా ఉంటోంది. – ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో చివరి రెండు వాక్యాల దగ్గరే నేను ఆగిపోయాను. ఆ మాత్రల పేరు మీరు రాయలేదు. బహుశా మీకూ తెలియకపోవచ్చు. ఇకమీదట ఒక్కటి కూడా వేసుకోకండి. ఆకలి తగ్గించే మందుల్లో కొన్ని బీపీని, గుండె వేగాన్ని పెంచుతాయి. సిబుట్రమిన్ అనే మందును ఒకప్పుడు చాలామంది వాడేవారు. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతోందని తేలడంతో 2010లో అమెరికా, యూరప్ మార్కెట్ల నుంచి తీసేశారు. ఆ తర్వాత కూడా, మూలికలతో చేశామని చెప్పి అమ్మే బరువు తగ్గించే మందుల్లో అదే దొరికిన సందర్భాలు ఉన్నాయి. లేబుల్ మీద మాత్రం దాని పేరుండదు. స్నేహితురాలికి పడింది కాబట్టి మీకూ పడుతుందనుకోవద్దమ్మా. ఆమె గుండె వేరు, మీ గుండె వేరు.

దడతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి ఉంటే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. అవేవీ లేకపోయినా ఈ వారంలోనే ఫిజీషియన్‌ను కలవండి. బీపీ, ఈసీజీ, షుగర్, థైరాయిడ్, పొటాషియం చూడటం అవసరమని నా అభిప్రాయం. మిమ్మల్ని పరీక్షించిన డాక్టర్ ఇంకేమైనా రాస్తే అవీ చేయించుకోండి. గర్భం వచ్చే అవకాశం ఉంటే ఆ మాటా చెప్పండి. అతిగా తినే ఈ సమస్యకు కొందరు డాక్టర్లు రాసే టోపిరమేట్ అనే మందు వల్ల పుట్టబోయే బిడ్డకు అవయవ లోపాలు రావచ్చు.

మీరు రాయని విషయం ఇంకొకటి అడగాలి. తిన్నాక వాంతి చేసుకుంటున్నారా? విరేచనాల మందు వాడుతున్నారా? అలా చేస్తుంటే అది బులీమియా, అంటే అతిగా తిని దాన్ని ఏదో రకంగా వదిలించుకోవాలని చూసే జబ్బు కావచ్చు. అందులో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. తిన్నదానికి బదులుగా మర్నాడు పస్తు ఉండటాన్ని కూడా మేం ఆ లెక్కలోనే చూస్తాం. అందుకే జబ్బుకు పేరు పెట్టే పని సైకియాట్రిస్ట్‌కో క్లినికల్ సైకాలజిస్ట్‌కో వదిలేయండి.

ఇక థెరపీ. ఎక్కువ ఆధారాలున్నది సీబీటీకి, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే థెరపీకి. చాలాచోట్ల మొదట దాని మీదే ఆధారపడిన స్వయం సహాయక పుస్తకంతో మొదలుపెడతారు, మధ్యమధ్యలో థెరపిస్ట్ చిన్న సెషన్లు తీసుకుంటారు. అది చాలకపోతే గ్రూపుగానో విడిగానో పూర్తి సీబీటీ ఉంటుంది. వారానికొకటి చొప్పున సుమారు 16 నుంచి 20 సెషన్లు, అంటే నాలుగైదు నెలలు. మనుషులతో గొడవలు, ఒంటరితనం వల్ల తినడం మొదలవుతుంటే ఐపీటీ (మనుషులతో సంబంధాలను సరిచేసుకోవడం మీద దృష్టి పెట్టే థెరపీ), కోపమో దుఃఖమో తట్టుకోలేక తింటుంటే డీబీటీ (తీవ్రమైన భావాలను తట్టుకోవడం నేర్పే థెరపీ) పనికొస్తాయి. మీకు ఏది నప్పుతుందో ఉత్తరం చూసి చెప్పలేను.

థెరపిస్ట్ మొదట మీ చేత డైరీ రాయిస్తారు. ఏం తిన్నారన్నది ఒక్కటే రాస్తే చాలదు. ఉదాహరణకు: 'రాత్రి 11:40. వంటగదిలో నిలబడి తిన్నాను. అంతకు ముందు ఫోన్‌లో అక్కతో గొడవ. పొద్దున్నుంచి ఏమీ తినలేదు.' వారం తిరిగేసరికి ఆ చివరి మాటే పదేపదే కనిపిస్తుంది. మీ ఉత్తరంలోనూ అదే ఉంది. పగలంతా కడుపు మాడ్చుకుంటే రాత్రికి ఎంత గట్టి మనసైనా నిలవదు. మీరు శిక్షగా వేసుకుంటున్న పస్తే మళ్లీ రాత్రి తిండికి దారి తీస్తోంది. అందుకే రాత్రి ఎంత తిన్నా సరే, మర్నాడు టిఫిన్ మానొద్దు. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, ఎక్కడా నాలుగు గంటలకు మించి గ్యాప్ లేకుండా చూసుకోండి. బరువు పెరుగుతానని భయం వేస్తుంది, తెలుసు. ఈ థెరపీ బరువు తగ్గించడానికి కాదు, చికిత్స జరుగుతున్నన్నాళ్లూ డైటింగ్ జోలికి పోవద్దు. ముందు ఆ రాత్రులు ఆగాలి.

రెండేళ్లు ఎవరికీ చెప్పకుండా మోశారు. ఇంత ఆలస్యం చేయాల్సింది కాదు. ఇది క్రమశిక్షణ లేకపోవడం కాదమ్మా, జబ్బు. చాలామంది మా దగ్గరికి బరువు గురించో గ్యాస్ గురించో వస్తారు, అసలు విషయం మాత్రం చెప్పరు. మీరు తిన్నగా చెప్పేయండి. దిగులు ఎక్కువై చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా ఇంట్లో ఒకరికి చెప్పి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

మిగిలిన మాత్రలు మాత్రం పారేయకండి. స్ట్రిప్, డబ్బా ఏది ఉంటే అది డాక్టర్‌కు చూపించాలి.