చదివింపుల్లో వచ్చిన గిఫ్ట్ వోచర్లకు నగదు అడగవచ్చా?

ప్రశ్న: మాది పాలకొల్లు. వైశాఖంలో మా అమ్మాయి పెళ్లి చేశాం. చదివింపుల్లో రాజమండ్రి బట్టల షాపువి రెండేసి వేల వోచర్లు నాలుగు, అయిదు వేల రూపాయల బ్యాంకు గిఫ్ట్ కార్డు ఒకటి వచ్చాయి. అమ్మాయి, అల్లుడు వాటిని నాకే ఇచ్చేసి దుబాయ్ వెళ్లిపోయారు. షాపులో డబ్బిమ్మంటే కుదరదన్నారు. వోచర్ల గడువు ఇంక రెండు నెలలే. ఊళ్లో ఒకాయన, నంబర్లు ఫొటో తీసి పంపితే అరవై శాతం ఇస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ ఫొటో మాత్రం పంపకండి. నంబరూ పిన్నూ తెలిస్తే చాలు, అవతలి మనిషి వోచరు వాడేసుకోగలడు. కాగితం మీ బీరువాలోనే ఉంటుంది, విలువ మాత్రం ఉండదు. ఇప్పటికే పంపి మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి.

షాపువాళ్లు నగదు ఇవ్వనన్నది చట్టవిరుద్ధం కాదు. ఒక షాపు తన దగ్గరే సరుకు కొనుక్కోవడానికి ఇచ్చే వోచరుకు రిజర్వ్ బ్యాంక్ అనుమతి అక్కర్లేదు, దాన్ని నగదుగా మార్చే వీలూ ఉండదు. అలాగని ఆ ఎనిమిది వేలు వాళ్ల సొంతమైపోలేదు. గడువులోపల వెళ్లినా వోచరు తీసుకోకపోయినా, షాపు మూసేసినా అప్పుడు డబ్బే అడగవచ్చు. ఈ తేడా గుర్తుంచుకోండి. వోచరు కొన్నది మీ బంధువే అయినా ఫిర్యాదు చేసే హక్కు మీకుంటుంది. డబ్బు కట్టినవారి అనుమతితో వాడుకునేవారిని కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. ఆ చట్టం ప్రకారం మీరు నివసించే చోటికి పరిధి ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, షాపున్న ఊరికి తిరగనక్కర్లేదు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపుంటే రుసుము లేదు, కేసు వేయడానికి గడువు రెండేళ్లు. అంతకంటే ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పి చూడండి. చాలా తగాదాలు కేసుదాకా రాకుండా తేలేది అక్కడే.

మీ విషయంలో షాపు వోచర్లను కాదనలేదు కాబట్టి కేసుకు ఆధారం లేదు. నా సలహా వేరు. దసరాకో ఇంట్లో శుభకార్యానికో మీ ఆడపడుచులు, తోడికోడళ్లు ఎలాగూ బట్టలు తీస్తారు. వాళ్లతో వెళ్లి బిల్లు వోచర్లతో కట్టి, ఆ డబ్బు వాళ్ల దగ్గర తీసుకోండి. అయితే వోచరు వెనక షరతులు చదవండి. పేరున్న మనిషే వాడాలని రాసి ఉంటే మాత్రం షాపును ముందే అడగాలి. మిగిలిన చిల్లర తిరిగి ఇవ్వరు అన్న షరతు మామూలే గనుక బిల్లు వోచరు విలువకు తగ్గకుండా చూసుకోండి. ఈలోగా వెళ్లడం కుదరదనుకుంటే గడువు పెంచమని ఇప్పుడే, గడువు దాటక ముందే, మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో రాతపూర్వకంగా అడగండి. కౌంటరు దగ్గర నోటిమాటగా అడిగినది రేపు ఎవరూ ఒప్పుకోరు. గడువు దాటాక డబ్బు పోయినట్టే అనే షరతు అన్యాయమైన ఒప్పందం అని వాదించవచ్చు కానీ అది రాష్ట్ర కమిషన్ ముందు వేయాల్సిన కేసు. ఎనిమిది వేల కోసం అంత దూరం వెళ్లమని నేను చెప్పను.

బ్యాంకు కార్డు కథ వేరు. దానిమీద 2021 నాటి రిజర్వ్ బ్యాంక్ నిబంధనలు (మాస్టర్ డైరెక్షన్లు) వర్తిస్తాయి. గిఫ్ట్ కార్డు విలువ పది వేలు మించకూడదు, అందులోంచి నగదు తీయడం, మరో ఖాతాకు పంపడం కుదరదు. కానీ ఒక దారి ఉంచారు. కార్డు ఉన్నవారు ఒప్పుకుంటే ఆ సొమ్ము ఏ ఖాతా నుంచి వచ్చిందో తిరిగి ఆ ఖాతాకే పంపవచ్చు. అంటే చదివించిన బంధువు ఖాతాకు చేరుతుంది, ఆయన మీకు నగదు ఇవ్వవచ్చు. ఇచ్చినది వెనక్కి పంపినట్టవుతుందేమో అని మొహమాటపడతారేమో. ఆ అయిదు వేలు ఎవరికీ కాకుండా పోవడం కన్నా, పిల్లలు విదేశం వెళ్లారని చెప్పి అడగడంలో తప్పేమీ లేదు. లేదంటే కార్డుతో కిరాణానో మందులో కొనుక్కోండి, అందుకు ఏ అడ్డూ లేదు. ఇలాంటి కార్డులకు కనీసం ఏడాది గడువు ఉండాలి, ముగిసే ముందు 45 రోజుల్లో ఇచ్చిన సంస్థ హెచ్చరించాలి. రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాక బ్యాంకు ముప్పై రోజుల్లో జవాబివ్వకపోతే, ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాయవచ్చు. కార్డు నంబరులో చివరి నాలుగు అంకెలు, బ్యాంకుకు రాసిన కాపీ దగ్గర పెట్టుకోండి.